వరికి లేని ఆషాఢం

మా అత్తయ్యగారు పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. పుష్యమాసం చివర్లో ఒక గురువారం పొద్దున్న, ఉంగుటూరులో మా ఇంటి ముందుగదిలో నిద్రలోనే వెళ్ళిపోయారు. కాఫీ పట్టుకెళ్ళి తలుపు కొట్టి నిలబడ్డాను. "రావమ్మాయ్" అనలేదు. మళ్ళీ కొట్టాను. సొంత ఇంట్లో అత్తగారి గది తలుపు కొట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. అదే చెప్పాలని కూర్చున్నాను. కూర్చున్నానన్నమాటే గానీ నాలుగు ముక్కలు రాసేలోపు మూడుసార్లు లేచాను. పొద్దుట పప్పు కూడా మాడ్చాను.

నిరుడు ఎండాకాలంలో ఆవిడ మావారినీ నన్నూ పిలిచి, ఏలూరు పక్కన వట్లూరులో పెద్దవయసువాళ్ళ కోసం కట్టిన ఇళ్ళలో ఒక గది తీసుకున్నానని చెప్పారు. అడగడం కాదు, చెప్పడమే. కింది అంతస్తు, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు, పిలిస్తే పలికే నర్సు, సాయంత్రం కబుర్లకి తన ఈడువాళ్ళు.

"మా దగ్గర ఏం తక్కువైందండీ?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తక్కువై కాదమ్మాయ్. కాళ్ళు నా మాట వింటున్నప్పుడే వెళ్ళి అక్కడ నలుగురితో కలవాలి. ముదిరిన నారు నాటితే పిలకలేస్తుందా?" అన్నారు.

నలభై ఏళ్ళు గట్టు మీద నిలబడి నాట్లు వేయించిన మనిషి. వయసు దాటిన నారు బతుకుతుంది గానీ దుబ్బు కట్టదని ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ రోజు నుంచి ఆవిడ కుదురుగా ఉంటే ఒట్టు. పాత చీర అంచుతో వట్లూరు గదిని కొలిచి, ముళ్ళు వేసి తెచ్చుకున్నారు. మంచానికీ బీరువాకీ సరిపడా పాత పేపర్లు అతికించి, అక్కడి నేల మీద పరిచి చూసుకున్నారు. తాడేపల్లిగూడెం వెళ్ళి ఒక్క మనిషికి సరిపోయే ఆవకాయ జాడీ కొన్నారు.

అంతటితో ఆగలేదు. మా ముందుగదిలోకి మారి, వట్లూరు తీసుకెళ్ళదలచిన సామానుతోనే కాపురం పెట్టారు. "ఇదే వట్లూరు అనుకో. తలుపు కొట్టి రా. అక్కడ ఎవరైనా అలాగే వస్తారు, నాకూ అలవాటవ్వాలి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు ఒకే వంటింట్లో మసిలాక ఈ మర్యాదలేమిటి? రెండు రోజులు కావాలనే కొట్టకుండా వెళ్ళాను. ఆవిడ పేపరులోంచి తల ఎత్తలేదు. మూడో రోజు కొట్టాను. "రావమ్మాయ్, కూర్చో" అని, చుట్టానికి పెట్టినట్టు ప్లేటులో జంతికలు పెట్టారు. అవి నేను వండినవే.

ఇక బయలుదేరతారనగా ఆషాఢం వచ్చింది. "ఆషాఢంలో ఇల్లు మారకూడదండీ" అన్నాను. ఆవిడ నవ్వి, "నాట్లేసేది ఆషాఢంలోనేగా? వరికి లేని దోషం నాకేంటమ్మాయ్?" అన్నారు. అయినా ఆగారు. శ్రావణంలో వ్రతాలకి మీరు లేకపోతే ఎలా అన్నాను. భాద్రపదం మంచిది కాదన్నాను. తరవాత కోతలన్నాను. కోతలయ్యేసరికి పుష్యం వచ్చి కూర్చుంది. మాఘంలో ముహూర్తం నేనే పెట్టించాను.

నెలలన్నీ సాకులే. కోడలు అత్తగారిని సాగనంపేసిందని ఊరంతా అంటుందని నా భయం. అది ఆవిడా కనిపెట్టారు. నా మీద మాట రాకూడదని వీధిలో ఇంటింటికీ వెళ్ళి, "మా కోడలు పొమ్మనలేదండోయ్, నేనే వెళ్తున్నాను" అని చెప్పొచ్చారు. అడక్కుండా చెబితే ఎవరు నమ్ముతారు? గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టయింది. మర్నాటి నుంచి నన్ను చూసి అందరూ గొంతు తగ్గించడమే. ఆ కోపంలో ఆవిడతో ఒక పూటంతా మాట్లాడలేదు. ఆ పూట ఇప్పుడు కావాలనిపిస్తోంది.

దినాలకి వచ్చిన ఆ వీధివాళ్ళే నా చేతులు పట్టుకుని, "ఎక్కడికీ పంపకుండా చివరిదాకా నీ దగ్గరే ఉంచుకున్నావు, కోడలంటే నువ్వేనమ్మా" అన్నారు. తల ఊపాను. అంతకన్నా నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ అడిగింది ఒక్కటే, దాన్నే నేను జరగనివ్వలేదు.

నిన్న మేం పెట్టుకున్న ముహూర్తం రోజు. తాళంచెవి అప్పజెప్పి రావాలని వట్లూరు వెళ్ళాను. వరండాలో ముగ్గురు పెద్దావిడలు కూర్చున్నారు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. అత్తయ్యగారు ముందే నా ఫోటో చూపించి పరిచయం చేశారు కాబోలు, నన్ను చూడగానే ఒకావిడ లేచింది.

"ఉంగుటూరు కోడలివేనా? మీ అత్తగారు ఆటోలోనే ఉన్నారా అమ్మా? కిందటిసారి వచ్చినప్పుడు ఈ కుర్చీ తనదని చెప్పి వెళ్ళారు. అప్పట్నుంచి మేం ఎవరినీ కూర్చోనివ్వలేదు."

చెప్పాను. ఆ పెద్దావిడ ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. నేను లోపలికి నడిచాను. గది తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా చేతిలోనే ఉంది. అయినా ముందు తలుపు కొట్టి నిలబడ్డాను.