వంతెన మీద మూడు ముద్దలు

చరిత్ర పుస్తకం ఆరో తరగతిలో ఇచ్చేవారట. నేను ఐదులోనే దిగిపోయేను కాబట్టి మా ఇద్దరికీ పరిచయం కాలేదు.

డెబ్బైల్లో ఓసారి రాజమండ్రి నుంచి కొత్తపేట బస్సులో వస్తున్నాను. రావులపాలెం ముందు గోదావరి వంతెన ఎక్కగానే, అందరూ నీళ్ళలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్నారు. నా పక్కన కిటికీ దగ్గరున్న ముసలాయన మాత్రం అరిటాకు పొట్లం విప్పి, మూడు అన్నం ముద్దలు ఒక్కొక్కటే విసిరేరు. విసిరినప్పుడల్లా ఓ పేరు పలికేరు.

నా నోరు ఊరుకుంటుందా? "చేపలకి క్యారేజీ తెచ్చేరా అండీ? పేర్లు పెట్టి మరీ పిలుస్తున్నారు!" అన్నాను. బస్సులో వాళ్ళంతా నవ్వేరు. ఆయనా నవ్వేరు.

"మావాళ్ళకి బాబూ. రంగూన్‌లో బియ్యం మిల్లులో చేసేవాళ్ళం. యుద్ధంలో జపానువాళ్ళ బాంబులు పడితే నలుగురం బర్మా నుంచి ఇంటికి కాలినడకన బయల్దేరేం. దారిలో అడవిలోనే ముగ్గురూ పోయేరు. నిప్పు పెట్టే వీలైనా లేక వదిలేసి వచ్చేను. మనవలకి చెబితే నిద్రొస్తోందంటారు. నా తరవాత ఆ పేర్లు తలిచేవాళ్ళుండరు. నువ్వు గుర్తుంచుకుంటావా?"

మూడు పేర్లూ మళ్ళీ చెప్పి, నా చేత పలికించేరు.

"ఆయ్, మర్చిపోనండి" అన్నాను. ఆయన రావులపాలెంలో దిగిపోయేరు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చేపల జోకుతో సహా అంతా చెప్పేను. "పాపం, వాళ్ళ పేర్లేంటండీ?" అని అడిగింది. ఒకటి చెప్పి ఆగిపోయేను. రెండోది ఎంతకీ నోటికి రాలేదు.

"ఆయన రంగూన్ నుంచి మోసుకొచ్చిన పేర్లని మీరు రావులపాలెం నుంచి కొత్తపేట దాకా తేలేకపోయేరు. జోకు మాత్రం భద్రంగా తెచ్చేరండీ!" అంది.