సీతాఫలం చెట్టు కింద పదకొండు నోటుపుస్తకాలు

భద్రంగా దాస్తానని మాస్టారికి ఇచ్చిన మాట తప్పి ఇరవై ఏళ్లయింది. మొన్న మంగళవారం తిరువూరులో ఆయన పోయారు. నిజం చెప్పుకుందామన్నా ఇక వినేవారు లేరు.

ఆయన మాకు హైస్కూల్లో సోషల్ చెప్పారు. అంతకుముందు పాస్టరు చదువుకు వెళ్లి మధ్యలో మానేశారు గానీ, అక్కడ నేర్చిన హెబ్రీ భాషను వదల్లేదు. విదేశంలో ఉన్న పాత స్నేహితుడొకాయన మధ్యయుగాల నాటి యూదుల రాతప్రతులను జిరాక్సు తీయించి పోస్టులో పంపేవాడు. మాస్టారు వరండాలో భూతద్దం పట్టుకుని వాటిని తెలుగు చేసేవారు.

మా బావ చర్చి కమిటీ పెద్ద. "మనకి తెలుగు బైబిలు చాలదేంటి మాస్టారూ?" అని ఎగతాళి చేసేవాడు.

"చాలదయ్యా. బైబిలు అయిపోయాక కూడా వాళ్లు బతికారు. వైద్యం చేశారు, పద్యాలు రాశారు, అల్లుళ్లతో పోట్లాడారు. మన పడమటి తీరంలో మిరియాలు కొని ఇళ్లకి ఉత్తరాలు రాశారు. అవి చదవకపోతే, పక్కింటోళ్లని పెళ్లిలో చూసి మళ్లీ చావులో చూసినట్టు."

ఆ ఉత్తరాలు మిగలడానికి ఒక ఆచారం కారణం. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులు చెత్తలో వెయ్యరు. తమ ప్రార్థనాలయమైన సమాజమందిరంలో ఒక గదిలో పోగేసి, తర్వాత మట్టిలో పూడుస్తారు. కైరోలో ఒక గదిలోవి చాలా మటుకు పూడ్చకుండానే ఉండిపోయాయి. "వాళ్ల బద్ధకం పుణ్యమా అని మనకి వెయ్యేళ్ల నాటి మందులచీటీ దొరికిందిరా" అని నవ్వేవారు.

ఇల్లు కురుస్తోందని, ఆ అనువాదాలు రాసుకున్న పదకొండు నోటుపుస్తకాలు నాకిచ్చారు. ఇంట్లో చోటు చేసుకోలేక చర్చి సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాను. క్రిస్మస్ సున్నాలప్పుడు మా బావ తాళంచెవి అడిగితే ఇచ్చాను. లోపల ఏమున్నాయో చెప్పలేదు. అతను అన్నీ పాతపేపర్ల వాడికి వేసేశాడు.

గది ఖాళీ చేశారని తెలిసి మాస్టారు అడిగారు. "వాటిల్లో దేవుడి పేరుంది కదరా. ఏం చేశారు?"

"పూడ్చామండి."

"ఎక్కడ?"

చర్చి వెనక సమాధుల తోటలో సీతాఫలం చెట్టు చూపించాను.

"పోన్లేరా, పద్ధతిగానే చేశారు" అన్నారు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ చెప్పులు విడిచి కాసేపు నిలబడేవారు. తన సమాధి ఆ చెట్టు కిందే కావాలని కూతురికి చెప్పి పోయారు.

బుధవారం పొద్దున గుంత తవ్వుతుంటే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, నాన్న పుస్తకాలకి గడ్డపార తగలకుండా చూడమనండి" అంది. కూలీలు గడ్డపారలు పక్కన పెట్టి, చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను.

పుస్తకాలు అమ్మింది మా బావే. ఆ మాట అతని మొహం మీదే అంటాను. వాళ్ల చేత అలా మట్టి తీయించింది మాత్రం నేను.