లలితకుమారి చేసిన ప్రమాణం

లలితకుమారి ఖతర్ రాజధాని దోహాలోనే పుట్టింది. తండ్రి కృష్ణప్రసాద్‌ది కాకినాడ. ఒక పెద్ద కాంట్రాక్టు కంపెనీలో పైపింగ్ ఇంజనీరు. తల్లి ఇందిరాదేవి. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో, కింద సెలూనూ పక్కన మలయాళీ హోటలూ ఉన్న పాత బిల్డింగులో వాళ్ల కాపురం.

అది 2008. చమురు ధర ఎక్కడ ఆగుతుందో ఎవరికీ అంతుబట్టని ఏడాది. ఊళ్లో ఎటు చూసినా క్రేన్లే. లలిత ఊరి చివరనున్న ఒక అమెరికన్ యూనివర్సిటీ శాఖలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. మార్కులకు లోటు లేదు గానీ స్నేహితులే లేరు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కతే కూర్చుని తినేది.

ఆ కాలేజీలో ఇంజనీరింగ్ విద్యార్థుల ఫ్రాటర్నిటీ ఒకటి ఉండేది. చేరినవాళ్లు చదువు అయ్యాక కూడా ఉద్యోగాల్లో, పనుల్లో ఒకరికొకరు ఆసరాగా ఉంటారు. ఆడా మగా తేడా లేకుండా అందరూ ఒకరినొకరు "బ్రదర్" అనే పిలుచుకుంటారు. లలిత చేరతానంటే ఇందిరాదేవి నవ్వింది.

"అన్నదమ్ముల సంఘంలో ఆడపిల్లకేం పనే?"

"పేరుకే అన్నదమ్ములమ్మా. నాకెలాగూ తోబుట్టువులు లేరు. వీళ్లందరూ ఒక్కసారే వచ్చేస్తారు."

చేరడం అంత తేలిక కాదు. ఒక టర్మంతా అభ్యర్థులుగా ఉండాలి. కాలేజీతో సంబంధం లేని ఎవరికైనా పనికొచ్చే ఇంజనీరింగ్ నమూనా ఒకటి తయారుచేసి చూపించాలి. అది నచ్చితే చివర్లో అందరి ముందూ ప్రమాణం చేయించి కలుపుకుంటారు. లలితకు జోడీగా సుర్రయ్యా అనే అమ్మాయి కుదిరింది. వాళ్లిద్దరికీ దారి చూపించడానికి ఫరీదుద్దీన్ అనే సీనియర్. హైదరాబాద్ కుర్రాడు, మాట కలుపుగోలు.

ఏం పని చేయాలో లలితకు అనుకోకుండా తట్టింది. కాలేజీ పక్కన ఇంకో బిల్డింగు లేస్తోంది. మధ్యాహ్నం కూలీలు కంచె నీడన చేరి అన్నం తినేవాళ్లు. ఒకరోజు అటునుంచి తెలుగు మాటలు వినపడితే ఆగింది. మాట్లాడుతున్నది నర్సింలు. కోరుట్ల దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి, కాంక్రీటు పోయకముందు ఇనుప రాడ్లు కట్టే పని.

"మీది తెలుగేనా అండీ?" అనడిగింది.

అతను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చూశాడు. "అగో! తెలుగు బిడ్డవా? ఈడ సదువుతున్నవా?"

"అవునండీ నర్సింలు గారూ," అంది, అతని చొక్కా మీద బిళ్లలో పేరు చదివి.

"గారు ఏందమ్మా, నవ్వొస్తది. కాకా అను."

అప్పట్నుంచి కాకా అనే పిలిచింది. మాటల్లో కూలీలుండే క్యాంపు సంగతి వచ్చింది. క్యాంపు ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. మిద్దె మీద ఫైబర్ ట్యాంకులు. ఎండాకాలం ఇంకా పూర్తిగా రాకముందే నీళ్లు మసిలిపోతున్నాయి.

"డ్యూటీ నుంచి అచ్చినంక తానం జేద్దమంటే ఒళ్లు కాలుతది బిడ్డా. బకీట్ల వట్టి, సల్లారిందాక కూసుంటం," అన్నాడు నర్సింలు.

లలిత ఆ సాయంత్రమే సుర్రయ్యాకు చెప్పింది. ట్యాంకులకు నీడ కట్టి, వేడి లోపలికి దిగకుండా పొర చుడితే చాలు. ఫరీదుద్దీన్‌కు నచ్చింది. నర్సింలు క్యాంపు అజమాయిషీ చూసే క్యాంప్ బాస్‌ను అడిగాడు. క్యాంప్ బాస్ పేరు జియావుద్దీన్. పిల్లలొచ్చి నీళ్లు చల్లబరుస్తామంటే తనకు మాత్రం చేదా? "యల్లా, సరే, శుక్రవారం రమ్మను," అన్నాడు.

శుక్రవారం ముగ్గురూ వెళ్లారు. నర్సింలు నిచ్చెన పట్టుకున్నాడు. రాజేశం అనే అతని రూమ్మేటు టీ తెచ్చిచ్చాడు. ట్యాంకులు చూసి కిందికి దిగాక, వరండాలో ఉన్న వాటర్ కూలర్ దగ్గర ఒక విచిత్రం లలిత కంటపడింది. నీళ్లు పట్టుకునే ప్రతివాడూ ముందు పక్కనున్న రబ్బరు చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఎందుకు కాకా?"

"ఉత్త కాళ్లతోని ముడితే జిల్లుమంటది. మొన్న ఒక నేపాలీ పోరడు గోడకువోయి పడ్డడు."

లలిత వెనక్కి వంగి చూసింది. కూలర్‌కు ఎర్త్ వైరే లేదు. కరెంటు లీకైతే ప్రాణమే పోవచ్చు. జియావుద్దీన్‌కు చెబితే అతను చెయ్యి ఊపి, "మాఫీ ముష్కిల్, ఏం కాదు. ఆఫీసుకు చెప్తాలే," అన్నాడు.

వారాలు గడిచాయి. కూలర్ అలాగే ఉంది. టర్ము చివర ప్రదర్శన వచ్చింది. హాలు నిండా ప్రొఫెసర్లు, కంపెనీల నుంచి వచ్చిన ఇంజనీర్లు. లలిత ట్యాంకుల నీడ కోసం తాము తయారుచేసిన నమూనా గురించి చెప్పింది. ఆగలేక కూలర్ గురించి కూడా చెప్పింది. తెర మీద ఆ శుక్రవారం తాను తీసిన కూలర్ ఫోటో పడింది. దాని పక్కన రబ్బరు చెప్పులు తొడుక్కుని, నవ్వుతూ నర్సింలు.

ముందు వరసలో ఒకాయన అడిగాడు, "ఈ క్యాంపు ఎవరిది?"

ఫరీదుద్దీన్ ఉత్సాహంగా కంపెనీ పేరు చెప్పేశాడు. చప్పట్లు మోగాయి. సుర్రయ్యా లలితను కావలించుకుంది. ఇద్దరూ నెగ్గారు. పై వారం గురువారం ప్రమాణం.

దానికి ముందు ఆదివారం కంచె దగ్గర నర్సింలు కనపడలేదు. రాజేశం ఒక్కడే ఉన్నాడు. లలితను చూసి లేచి పక్కకొచ్చాడు.

"నర్సింలును రూముల కూసుండవెట్టిండ్రమ్మా. ఆఫీసోళ్లు అచ్చి, బయటోళ్లను లోపలికి తెచ్చింది ఎవలని అడిగిండ్రు. నాకు ఎరుకలేదన్నడు జియావుద్దీన్. ఫోటోల నర్సింలు మొఖమే ఉండె. ఈసా కేన్సిల్ జేసిండ్రు. మంగళారం ఫ్లైటు."

"అది అన్యాయం కదా! ఆయన అడిగాకే మేం వెళ్లాం. జియావుద్దీనే రమ్మన్నాడు."

"ఎవలికి చెప్తరమ్మా?" అన్నాడు రాజేశం. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

లలిత ఎవరికి చెప్పాలో వెతుక్కుంటూ తిరిగింది. ప్రదర్శన చూసిన ఒక ప్రొఫెసర్ ఓపిగ్గా అంతా విన్నాడు. కంపెనీ లోపలి వ్యవహారాల్లో కాలేజీ కలగజేసుకోవడం కుదరదన్నాడు, చాలా బాధపడుతున్నానన్నాడు. ఫరీదుద్దీన్ తల పట్టుకున్నాడు. "నేను పేరు చెప్పకుండా ఉండాల్సింది," అని మళ్లీ మళ్లీ అన్నాడు. అతనితో కలిసి క్యాంపు గేటు దాకా వెళ్లింది. జియావుద్దీన్ బయటికొచ్చి, గేటు దగ్గరకు వేసి, కళ్లెత్తకుండా మాట్లాడాడు.

"బేటీ, నేను పిలిచానని చెబితే నర్సింలుతో పాటు నన్నూ పంపిస్తారు. నా పిల్లలు చిన్నవాళ్లు. వెళ్లిపో."

అతన్ని తిట్టాలనుకుని వచ్చింది. తిట్టకుండానే వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి తండ్రి ముందు కూర్చుంది. "నాన్నా, నువ్వు పెద్ద కంపెనీలో ఇంజనీరువి, నీ మాట వాళ్లు వింటారు. ఒక్కమాట చెప్పు."

కృష్ణప్రసాద్ నిజంగానే ఆ క్యాంపు కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. బాల్కనీలో నిలబడి చాలాసేపు మాట్లాడాడు. "యస్ సర్, యస్ సర్" తప్ప లలితకు ఇంకేమీ వినపడలేదు. లోపలికి వచ్చి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"మీ అమ్మాయి పేరు కూడా మా దగ్గరుంది, మీరు కూడా ఒక కంపెనీ ఇచ్చిన వీసా మీదే ఇక్కడున్నారని గుర్తుంచుకోండి, అన్నారమ్మా."

ఇందిరాదేవి వంటింట్లోంచి వచ్చింది. "చాలండీ. ఇక ఎవరికీ చేయకండి."

"ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను ఈ ఊళ్లో," అన్నాడు కృష్ణప్రసాద్. "నా చేతిలో ఏదో ఉందనుకునేవాడిని."

తండ్రి గొంతు అంత నీరసంగా వినడం లలితకు అదే మొదటిసారి.

మంగళవారం మధ్యాహ్నం ఆమె అడక్కుండానే కృష్ణప్రసాద్ ఎయిర్‌పోర్టుకు కారు తీశాడు. కంపెనీ వ్యానులోంచి నర్సింలు దిగాడు. చేతిలో తాడుతో కట్టిన దుప్పటి మూట, ఒక బ్యాగు. అతని పాస్‌పోర్టు వెంట వచ్చిన మనిషి చేతిలోనే ఉంది. ఆ మనిషి కొంచెం దూరంగా నిలబడి ఫోన్ చూసుకోసాగాడు.

"కాకా, నా వల్లే..." అంది లలిత. ఏడుపు ఆగలేదు.

"ఊకో బిడ్డా, ఊకో. మందిల ఏడుస్తరా? నువ్వు మంచికే జేసినవు. నువ్వేం జేస్తవు, నేనేం జేస్త?" అన్నాడు. తర్వాత కొంచెం తటపటాయించి, "ఒక్క సాయం జేయి. మా ఇంటామెకు ఒక మాట చెప్పు. నేను ఎవలితోనన్న కొట్లాడిన్నో, తాగిన్నో అనుకుంటున్నది. దుబాయ్‌ల మంచిగుంటే ఎందుకు పంపుతరు అంటున్నది. ఆమెకు గల్ఫంత దుబాయే. నేను చెప్తె నమ్ముతలేదు. సదువుకున్న బిడ్డవు, నీ మాట ఇంటది."

లలిత తన ఫోన్‌లో నంబరు కలిపింది. అవతల అతని భార్య ఎల్లవ్వ.

"చిన్నమ్మా, నర్సింలు కాకా ఏ తప్పూ చేయలేదు. మాకు మంచినీళ్ల పనిలో సాయం చేశాడు. అంతే."

"సాయం జేస్తే పంపిండ్రా?"

"అవును చిన్నమ్మా."

"మంచి పని జేసినోన్ని ఎందుకు పంపుతరమ్మా? జర సమజయ్యేటట్టు చెప్పు."

లలిత నోరు తెరిచింది. ఎర్త్ వైరు, ఫోటో, ఆఫీసు, వీసా. దేన్నుంచి మొదలుపెట్టినా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది. వ్యాను మనిషి "యల్లా, యల్లా" అని కేకేశాడు. నర్సింలు ఫోన్ తీసుకుని, "అచ్చినంక మాట్లాడుకుందం తీయి," అని ఎల్లవ్వకు చెప్పి తిరిగిచ్చాడు. కృష్ణప్రసాద్ చెయ్యి పట్టుకుని ఒక్కసారి ఊపి, మూట భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

గురువారం వచ్చింది. వెళ్లనని లలిత మంకుపట్టు పట్టింది. ఇందిరాదేవి పక్కన కూర్చుంది.

"నువ్వు మానేస్తే ఆయన తిరిగొస్తాడంటావా?"

"రాడు."

"మరి?"

లలిత లేచి తయారైంది. వెళ్లింది. దీపాలు తగ్గించిన హాల్లో అభ్యర్థులందరూ వరసగా నిలబడ్డారు. ఫరీదుద్దీన్ ఒక్కో వాక్యం చెబుతుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. మనుషుల ప్రాణాలకూ క్షేమానికీ నా పనిలో మొదటి స్థానం ఇస్తాను, అనే వాక్యం దగ్గర ఫరీదుద్దీన్ గొంతే తడబడింది. అతను లలిత వైపు చూడలేదు. సుర్రయ్యా ఆమె వేళ్లు గట్టిగా పట్టుకుంది. లలిత పెదాలు కదిపింది గానీ మాట పైకి వచ్చిందో లేదో ఆమెకే తెలియదు. చొక్కాకు ఫ్రాటర్నిటీ గుర్తున్న పిన్ను పెట్టారు. "కంగ్రాట్స్, బ్రదర్" అంటూ అందరూ చేతులు కలిపారు.

తర్వాత రాజేశం చెప్పిన సంగతి ఇంకోటి ఉంది. కంపెనీవాళ్లు కూలర్ బాగుచేయలేదు, తీసుకుపోయారు. కొత్తది వస్తుందన్నారు. రాలేదు. అందరూ ఆ ట్యాంకు నీళ్లే పట్టుకుని, చల్లారాక తాగుతున్నారు. ట్యాంకుల నీడ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చదువయ్యాక లలితకు ఉద్యోగం చూపించింది ఫ్రాటర్నిటీవాళ్లే. దోహాలోనే ముషైరిబ్ దగ్గర ఒక డిజైన్ ఆఫీసు. మంచి ఇంజనీరని పేరు తెచ్చుకుంది. పెళ్లయింది. సుర్రయ్యా ఇప్పటికీ వారానికోసారి ఇంటికొస్తుంది. అక్కచెల్లెళ్లలాగే ఉంటారు.

మొదటి రెండేళ్లు కోరుట్ల నంబరుకు అప్పుడప్పుడు ఫోన్ చేసేది. నర్సింలు పొలం పనికి వెళ్లాడనో, పట్నం పోయాడనో ఎల్లవ్వ చెప్పేది. ఒకసారి మాత్రం, "బహ్రెయిన్‌కు పోయిండు బిడ్డా. ఆడ నీళ్లు ఎట్లుంటయో ఏమో," అంది. ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు. రాజేశం కూడా అప్పటికే ఖతర్ వదిలి వెళ్లిపోయాడు. బహ్రెయిన్‌లో ఏ కంపెనీయో, ఏ క్యాంపో అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.