పాట ఉన్నంతసేపూ పని

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే బస్సులో డ్రైవరు పాత పాటలు పెడతాడు. మొదటి పాట ఎత్తుకోగానే నా పాదాలు ఒకటి తర్వాత ఒకటి కిందికి నొక్కుకుంటాయి. తాళం వేస్తున్నానని పక్కవాళ్ళు అనుకుంటారు. నేను తొక్కేది మగ్గం. నేర్పినవాడు పళ్ళిపట్టులో మా పక్కింటి మునిరత్నం మామ. చుట్టరికం లేదు, పిలుపుకే మామ.

మా నాన్న పోయిన ఏడాది మామ నన్ను తన రెండో మగ్గం మీద కూర్చోబెట్టుకున్నాడు. పొద్దున్నే రేడియో పెట్టేవాడు. అది మోగుతున్నంతసేపూ చేతులు ఆగకూడదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కునికితే చెవి మెలిపెట్టాడు. "పాట పాడతా ఉంటే నిద్రేమే నీకు? పాట ఉన్నంతసేపూ పని. అది ఆగినాకే కునుకు." మహా కోపిష్టి. కానీ నా మగ్గంలో పోగు తెగితే అత్తకు కూడా తెలియనివ్వకుండా తానే అతికేవాడు. ఆ నేతతోనే నేను చదువుకుని ఉద్యోగస్థురాలినయ్యాను.

రెండేళ్ళ కిందట మామకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది, నిద్రా పోయింది. ఇష్టమైన పాటలు వినిపిస్తే కొందరికి నిద్ర పడుతుందని డాక్టరు చెప్పాడు. అది నా పని అనుకున్నాను. ఆ రేడియో పాటలన్నీ వెతికి అత్త ఫోనులో ఎక్కించి, రోజూ పడుకునే వేళకు పెట్టమని ఆమెకు నేర్పాను. మూడు వారాలకు అత్త ఫోన్ చేసింది. "కన్ను మూసేదే లేదమ్మా. పాట పెడితే కండ్లనీళ్ళు పెట్టుకుంటాడు." "ఇంకొంచెంసేపు పెట్టి చూడత్తా" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. అత్త రేషన్ అంగడికి పోయింది. పాట పెట్టి మంచం పక్కన కూర్చున్నాను. దుప్పటి కదిలింది. మామ ఎడమ పాదం కిందికి నొక్కింది. పోగును దగ్గరికి కొట్టే మగ్గం పలక ఎదురుగా ఉన్నట్టే ఎడమ చెయ్యి దాన్ని గుండెకేసి లాక్కుంది. తర్వాత కుడికాలి వంతు. అది కదలదు. మామ దానికోసం చూశాడు, నుదుటి నిండా చెమట, మళ్ళీ ఎడమకాలితో మొదలుపెట్టాడు. సగం ఒంటితో నేస్తున్నాడు. మూడు వారాలుగా నేస్తూనే ఉన్నాడు.

ఫోను ఆపేశాను. పాదం మాత్రం ఆగలేదు. ఏడుస్తూ ఆయన చెవి దగ్గరికి వంగాను. "మామా, పని అయిపొయ్యింది. మగ్గం దిగు." చాలాసేపు నా మొహంలోకి చూశాడు. పాదం ఆగింది. నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

అమావాస్య నాడు మగ్గానికి సెలవు. ఆ రోజుల్లో మామ అరుగు మీద కాళ్ళు చాపుకుని నాదస్వరం వినేవాడు. ఆ రోజు నుంచి ఫోనులో అదొక్కటే ఉంచాను. అన్నిరోజులూ కాకపోయినా, చాలా రోజులు నిద్ర పట్టింది.

పోయిన ఆడి నెలలో మామ పోయాడు. "మా ఆయనకు పాటలు పెట్టి నిద్ర పట్టించింది ఈ బిడ్డే" అని అత్త కనబడినవాళ్ళందరికీ చెబుతుంది. తల వంచుకుని వింటాను. నిజం చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెబితే, ఆ మూడు వారాలూ ఫోను నొక్కి ఆయన్ని మగ్గం ఎక్కించిన వేలు తనదేనని ఆమెకు తెలిసిపోతుంది.