క్రాష్ రిపోర్టులో నా పేరు లేదు

నాతోపాటు కోడ్ రాసే ఆవిడ ఆ మాట అన్నది ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరి ముందూ.

"మీ కోడ్ చదవడం గోదావరి దాటడానికి పంటు ఎక్కడమేనండి. ఎప్పుడు ఒడ్డు చేరతామో తెలీదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. ఆ రోజు నా క్యారేజీలో పనసపొట్టు కూర. అదీ గుర్తుంది.

మాది అమలాపురంలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోన్‌లో చూపించే యాప్ మాది. అది చూసే, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. ఆలస్యమైతే రొయ్య చచ్చి తేలిపోతుంది. ఆ రీడింగు చూపించే తెర నేను కొత్తగా రాశాను. అదే వారం ఆవిడ ఫ్రేమ్‌వర్క్‌ను కొత్త వెర్షన్‌కు మార్చింది. ఫ్రేమ్‌వర్క్ అంటే మేం రాయకుండా బయటినుంచి తెచ్చుకుని, యాప్ మొత్తానికి కింద వేసుకునే కోడ్. రెండు మార్పులూ ఒకేసారి రైతులకు వెళ్లాయి. యాప్ ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలైంది.

యాప్ ఏ కోడ్ వరసల దగ్గర ఆగిందో చూపే క్రాష్ రిపోర్టు తెరిస్తే పైనుంచి కిందిదాకా ఫ్రేమ్‌వర్క్ వరసలే. నా ఫైలు పేరు ఒక్కచోటా లేదు. తప్పు కొత్త వెర్షన్‌దేనని మా హెడ్‌కు రాసేశాను. ఆవిడను కోడ్ పని నుంచి తప్పించి, రైతుల ఫోన్లు ఎత్తే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇంకా రుజువు కావాలని ముమ్మిడివరం దగ్గర ఒక చెరువుకు నేనే వెళ్లాను. సాయంత్రం గట్టుమీద నిలబడి ఎన్నిసార్లు రీడింగు నొక్కినా యాప్ మూసుకుపోలేదు.

"మిమ్మల్ని చూసి భయపడిందండి," అన్నాడు రైతు.

మళ్లీ నొక్కి ఎదురుచూస్తుంటే మస్కట్ నుంచి మా అక్క వీడియో కాల్ చేసింది. ఎత్తి, తర్వాత చేస్తానని పెట్టేసి చూస్తే యాప్ పోయింది.

"ఆయ్, అదేనండి. మా తమ్ముడు కువైట్ నుంచి చేసినా ఇంతేనండి."

అక్కడ డ్యూటీ దిగి ఇంటికి కాల్ చేసే వేళా, ఇక్కడ చెరువు చూసుకునే వేళా ఒకటే. కాల్ ఎత్తగానే ఫోన్ నా తెరను మూసేస్తుంది. ఆనక రీడింగు వస్తుంది. తెర ఉందో లేదో చూడకుండా నా కోడ్ ఆ రీడింగును ఫ్రేమ్‌వర్క్‌కు అప్పగించి తప్పుకుంటుంది. లేని తెరమీద చూపించబోయి ఫ్రేమ్‌వర్క్ ఆగిపోతుంది, దాంతో యాప్ మూసుకుపోతుంది. అప్పటికి నా వరస పని ముగిసి ఉంటుంది కాబట్టి రిపోర్టులో ఫ్రేమ్‌వర్క్ పేరే పడుతుంది.

మేం రోజూ వాడే ఫోన్లలో నా తెరతో ఒక రోజు, అది తీసేసి ఒక రోజు నడిపి చూస్తే ఆఫీసులోనే తెలిసేది. ఆ వెర్షన్ మార్చింది ఆవిడ కాక ఇంకెవరైనా అయితే నడిపి చూసేవాణ్ణే. తిరుగు బస్సులో కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు హెడ్‌కు సంగతంతా చెప్పి ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"తప్పు నా తెరదేనండి."

"తెలుసండి. నేను అప్పుడే మీ తెర తీసేసి నడిపి చూసేను."

"మరి చెప్పలేదేమండి?"

"చెప్తే మీరు వినేవారా? పంటు అన్నందుకే నెల్లాళ్లు పలకరించలేదు." హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. "మీకు పడాల్సిన తిట్లన్నీ నేను తిన్నానండి ఇక్కడ."

పంటు మాట ఇప్పటికీ మర్చిపోలేదు, అది వేరే సంగతి. ఆవిడ లేచి తన పాత కుర్చీకి వెళ్లింది. ఇక్కడ ఖాళీ అయిన కుర్చీలో నేను కూర్చున్నాను. సరిచేసిన యాప్ అందరి ఫోన్లకూ చేరేదాకా ఈ ఫోన్లు నేనే ఎత్తుతానని హెడ్‌తో చెప్పి వచ్చాను.

మొదటి కాల్ రాజోలు నుంచి.

"అమ్మాయిగారు లేరాండి? ఆవిడైతే ఎంత తిట్టినా వినేవారండి."

"నేనూ వింటానండి," అన్నాను. "చెప్పండి."