పసుపు పూసిన చక్రం

స్టీరింగు పట్టుకోగానే అరచేతులు జివ్వుమన్నాయి. మా టైర్ల షాపుకు వచ్చిన లారీని నిన్న కాస్త దూరం నడిపి చూస్తుంటే, చేతుల్లోకి ఎక్కిన ఆ వణుకు నన్ను ఎన్నో ఏళ్ళ వెనక్కి, తమిళనాడు ధర్మపురిలో రుక్మిణక్క ముందుకు లాక్కుపోయింది.

రుక్మిణక్క ఇండూరు దారిలో టైర్ల షాపు నడిపేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ. నేనప్పుడు మారండహళ్ళి నుంచి మద్రాసుకు టమాటా లోడు తోలే డ్రైవర్ని. ఆయుధపూజ నాడు ఆమె షాపులోనే మా లారీ ముందు చక్రాలకు కొత్త టైర్లు వేయించాం. శివరాత్రి రాకముందే ఎడమ టైరు ఒకచోట నున్నగా, ఇంకోచోట కొత్తదానిలా, గతుకులు గతుకులుగా అరిగిపోయి, స్టీరింగు వణకసాగింది. మా ఓనరు దాన్ని చూసి, "నీకు బ్రేకు తొక్కేది రాదు. రేపటినుంచి రావద్దు" అన్నాడు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. ఒక్కసారి అక్కకు చూపిద్దామని బతిమాలి, ఆయన్నీ లారీనీ షాపుకు తీసుకుపోయాను.

అక్క జాకీ ఎత్తించి చక్రం తిప్పింది. అది తాగినవాడిలా అటూ ఇటూ ఊగింది. నట్లు విప్పి చక్రం దించగానే, దాని వెనక బ్రేకు డ్రమ్ము మీద ఎండిన పసుపూ గంధమూ పెచ్చులు పెచ్చులుగా కనబడ్డాయి. పూజనాడు చక్రాలు విప్పి ఉండగా, భక్తి పొంగి, చక్రం ఆనుకునే చోట కూడా దట్టంగా పూసింది మా ఓనరే. దేవుడి పని కదా, తుడిస్తే బాగుండదని షాపు పనివాళ్ళు దానిమీదే చక్రం బిగించేశారు. ఆ పూత ఒకపక్క రాలి, ఒకపక్క నిలిచి, చక్రం వంకరగా కూర్చుంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే మా ఓనరు ఆమెకు పెద్ద గిరాకీ. పనివాడొకడు, "రోడ్డు బాగలేదని చెప్పేద్దామక్కా" అని గొణిగాడు. అక్క చూసిన చూపుకు వాడు వెనక్కి తగ్గాడు.

"అన్నా, ఈయప్ప చేతిలో తప్పు లేదు. తప్పు మా షాపుది. నువ్వు పూసినావు సరే, మేం తుడిచి బిగించాల్సింది. తుడవలేదు."

"సామికి పూసింది తుడుస్తావా?" ఓనరు గొంతు లేచింది.

"తుడుస్తాను. బయట ఎంత కావాల్నో పూసుకో. లోపల ఇనుముకు ఇనుమే తగలాల."

"అయితే నా బండ్లు ఇంక నీ కాడికి రావు."

"రాకపోతే పోనీ. ఈయప్పను మాత్రం పనిలోంచి పంపించొద్దు."

ఆయన నన్ను తీసెయ్యలేదు. లారీలు మాత్రం మళ్ళీ ఆ షాపు గడప తొక్కలేదు. తర్వాత ఒకసారి వెళ్ళి, "నా వల్లే కదక్కా ఇదంతా" అన్నాను.

"నీ వల్ల కాదురా, మా పని వల్ల. ఊరికే నిలబడకుండా ఆ డ్రమ్ము తుడువు" అని గోనెగుడ్డ చేతికిచ్చింది. నేను టైర్ల పని నేర్చుకోవడం అలా మొదలైంది.

ఇప్పుడు నా షాపులో బిగించిన టైరు వంకరగా అరిగి వస్తే, డ్రైవరును ఎవరూ ఒక్క మాట అనకముందే చక్రం విప్పిస్తాను. తప్పు మాదైతే లారీ ఓనరు ఎదుటే చెబుతాను. చెప్పేటప్పుడు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ రోజు అక్కకూ అలాగే కొట్టుకుని ఉంటుంది. అయినా చెప్పింది. నేనూ చెబుతాను.