రెండు కార్బురేటర్ల పంపకం

హనుమయ్యకు న్యాయమంటే మహా పట్టింపు. చిన్నప్పుడు విస్తట్లో గారె పడితే, దాన్ని తమ్ముడి గారె పక్కన పెట్టి కొలిచి చూసుకుని గానీ తినేవాడు కాదు. తమ్ముడు వెంకటకృష్ణారావుదీ అదే రక్తం. డెబ్భై నాలుగులో, తండ్రి పోయాక, పామర్రు దగ్గర వాళ్ల ఊళ్లో పంపకాలు జరిగాయి. పొలం, ఇల్లు, పశువులు సాఫీగానే తేలాయి. మోటారుసైకిలు దగ్గర వ్యవహారం ఆగిపోయింది.

అది ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ బండి. గన్నవరంలో పనిచేసిన ఆఫీసరెవరో వెళ్లిపోతూ అమ్మితే తండ్రి ముచ్చటపడి కొన్నాడు. దానికి రెండు సిలిండర్లు. వాటికి పెట్రోలూ గాలీ కలిపి అందించడానికి చెరో కార్బురేటరు. మధ్యవర్తిగా వచ్చిన మేనమామ బండి చుట్టూ తిరిగి ఆ సంగతి కనిపెట్టాడు.

"ఇద్దరు కొడుకులు, రెండు కార్బురేటర్లు. మీ నాన్న ముందుచూపు చూడండ్రా!"

బండి పెద్దవాడికి, బదులుగా పాడిగేదె చిన్నవాడికి అని తీర్పు చెప్పాడు. ఎంత గేదె వచ్చినా తండ్రి బండిలో తన భాగం తనకుండాలని కృష్ణారావు కుడివైపు కార్బురేటరు విప్పుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

హనుమయ్య పంతానికి పోయి ఒంటి సిలిండరుతోనే పామర్రు బయల్దేరాడు. బండి దగ్గుకుంటూ వెళ్లి కాలవ వంతెన ఎక్కలేక నిలబడిపోయింది. కూరగాయల తట్టలతో వెళ్తున్న ఆడవాళ్లు జాలిపడి వెనక నుంచి తోశారు.

"మీరు దిగి నడవండి బాబూ, అప్పుడు బండొక్కటే తోస్తాం" అంది వాళ్లలో ఒకామె.

ఆ మాట పడ్డాక ఆయన బండిని లారీ ఎక్కించి బెజవాడ తీసుకెళ్లాడు. ఏలూరు కాలవ గట్టు మీద బంగార్రాజు రేకుల షెడ్డు ఉండేది. బందరు వైపు పడవల ఇంజన్లు బాగుచేస్తూ ఇటొచ్చిన మనిషి.

"ఒక్క కార్బురేటరు చాలండీ. పంగలకర్ర లాంటి గొట్టం చేసి రెండు సిలిండర్లకీ పంచుదాం. పెట్రోలు కూడా తక్కువ తాగుద్ది" అన్నాడతను.

పంచుదామనగానే హనుమయ్యకు అనుమానమొచ్చింది. "చెరిసగమేనా?"

"చెరిసగమేనండీ."

గొట్టం బిగించే వేళకు, ఎవరు చెప్పారో గానీ, కృష్ణారావు బస్సు దిగి షెడ్డులోకి వచ్చేశాడు. అన్నను చూడకుండా బంగార్రాజుతో అన్నాడు: "కుడి సిలిండరు నాది. ఆయన కార్బురేటరు లోంచి నా సిలిండరుకి పెట్రోలు పొయ్యడానికి వీల్లేదని చెప్పండి."

"వాడి సిలిండరు వాణ్ణి పట్టుకుపొమ్మనండి" అన్నాడు హనుమయ్య.

"రెండూ ఒకే దిమ్మలో ఉంటాయండీ. కొయ్యాల్సిందే" అంటూ బంగార్రాజు రంపం తెచ్చి చేతికిచ్చాడు. కృష్ణారావు రంపాన్నీ ఇంజన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇవాళ వద్దులెండి" అన్నాడు.

ఇక ట్యూనింగు. బంగార్రాజు వెనక గొంతుక్కూర్చుని, రెండు పొగగొట్టాల దగ్గరా రెండు అరచేతులు పెట్టి, ఊపిరి సమంగా వస్తోందో లేదో చూస్తున్నాడు. గాలి స్క్రూ తిప్పడం హనుమయ్య వంతు, ఎక్సలేటరు పట్టడం కృష్ణారావు వంతు.

"కాస్త తగ్గించమనండి."

"ముందాయన్ని స్క్రూ వదులు చెయ్యమనండి."

ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేయలేక బంగార్రాజుకు గొంతు ఆరిపోయింది. ఇంజను ఒక్కసారి ఎగిరెగిరి దూకి, సర్దుకుని, నెమ్మదిగా, నిండుగా పలకడం మొదలెట్టింది.

"అన్నయ్యా, ఆగు! ఇంక తిప్పకు!" అని అరిచాడు కృష్ణారావు.

"ఆగాన్రా!"

బంగార్రాజు నివ్వెరపోయి ఇంజను ఆపేశాడు. కృష్ణారావు ముఖం ఎర్రబడింది.

"నేనన్నది బండితో."

"బండిని అన్నయ్యా అంటారేంటండీ?"

"మా నాన్న దాన్నే పెద్దకొడుకులా చూశాడు. వరసకి అన్నయ్యే."

"నేనూ బండితోనే అన్నాను" అన్నాడు హనుమయ్య.

సిలిండరులో హక్కుంది కనక కృష్ణారావు వెనక సీటెక్కాడు. కంకిపాడు, ఉయ్యూరు మీదుగా ఇల్లు చేరేదాకా ఇద్దరూ బండితో మాట్లాడుతూనే వచ్చారు. వాకిట్లో ఇంజను ఆగగానే నోళ్లు మూతపడ్డాయి.

తర్వాత అదే ఆచారమైంది. నారుమళ్ల సంగతి తేల్చాలన్నా, గేదెకు జబ్బు చేసినా, హనుమయ్య కిక్కు కొట్టేవాడు. ఆ చప్పుడు విని కృష్ణారావు గోడ దాటి వచ్చేవాడు. పొగకు హనుమయ్య భార్య సుబ్బరత్నం ఒడియాలు నల్లబడేవి.

కాలవలకు నీళ్లొదిలిన రోజు, మాట మధ్యలో పెట్రోలయిపోయింది.

"అన్నయ్యా, దిగువ చేను గట్టు..." అన్న కృష్ణారావు టక్కున నోరు మూసుకుని ఇంటికెళ్లిపోయాడు. కాసేపటికి అతని భార్య రాజ్యలక్ష్మి సీసాతో పెట్రోలు తెచ్చింది.

"గట్టు తెగిందంట బావగారూ. ఆయనే స్వయంగా చెప్పాలంట, ఇది పొయ్యండి."

పోశాడు, తన్నాడు. కృష్ణారావు వచ్చాడు.

"గట్టు తెగింది, అన్నయ్యా."

"ఎప్పుడ్రా!" అని గుండె బాదుకున్నాడు హనుమయ్య.

పంచెలు ఎగ్గట్టి, పారలు పట్టుకుని ఇద్దరూ చేలోకి పరుగెత్తారు. సుబ్బరత్నానికి ఇంజను ఆపడం రాదు; వాకిట్లో అది మోగుతూనే ఉంది. మోకాలి లోతు నీళ్లలో గట్టుకు మన్నేస్తూ కృష్ణారావు పార దించి, ఊరి వైపు చెవి పెట్టాడు.

"వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది" అన్నాడు హనుమయ్య. "చెప్పు."